ఓబులమ్మ మెత్తచెప్పులు

హుస్సేనయ్య తాత పెద్దదిక్కుగా ఉన్న దర్గాలో వాకిలి కాసే పని ఆయన శిష్యుడు కాశింపీరాది. చెప్పులతో ఒక్కరినీ గడప దాటనివ్వలేదని అతనికి మహా గర్వం. వాకిట్లో నిలబడేవాడికి లోపలుండే దేవుడి కంటే బిగువు ఎక్కువ. ఎక్కడైనా అంతే.

ఒక గురువారం ఓబులమ్మ వచ్చింది. షుగరు జబ్బుతో ఆమె అరికాళ్లకు స్పర్శ పోయింది. కుడికాలికి ఒక వేలు అప్పటికే తీసేశారు. మళ్లీ పుండు పడితే పాదమే పోతుందని, ఇంట్లో కూడా విడవొద్దని చెప్పి, పెద్దాసుపత్రి డాక్టరు ఆమె కాలి కొలతకు మెత్తచెప్పులు చేయించాడు. ఇదంతా ఆమె కాశింపీరాకు చెప్పుకుంది. చెప్పుల అడుగులు కడిగి, తుడిచి వేసుకుంటానని బతిమాలింది కూడా.

అతను వినలేదు. వచ్చినోళ్లందరి ముందరా, "నీకు దేవుడెక్కువా, చెప్పులెక్కువా?" అన్నాడు.

ఆ మాటంటే ఇంకెవరు నిలబడగలరు? పాపం, తల వంచుకుని పట్టీలు విప్పింది.

ఫాతిహా చదివింపులు అయ్యాక అందరూ అన్నాలకు కూర్చున్నారు. ఓబులమ్మ పక్కామెతో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆమె నడిచొచ్చిన బండల మీద నెత్తుటి మరకలు. ఎవరో కొట్టిన కొబ్బరికాయ పెంకు కుడి మడమలో గుచ్చుకుని, సగం బయటికి కనబడుతోంది. ఆమెకు తెలియనే తెలియదు.

తాత చూశాడు. ఆసుపత్రికి పోవడానికి ఆటో పిలవమని ఒకరిని పంపాడు. కాశింపీరాను పిలిచి కూర్చోబెట్టి, ఓబులమ్మ కాలు అతని ఒళ్లో పెట్టాడు. నీళ్లూ, ఉతికిన గుడ్డా పక్కన పెట్టాడు.

"తియ్యి," అన్నాడు.

పెంకును పట్టుకోగానే కాశింపీరాకే ఒళ్లు జలదరించింది. ఆమె కాలు మాత్రం కదల్లేదు. తాను వాకిట్లో అన్న మాట గుర్తొచ్చి, భూమి చీలితే దూరిపోదామనిపించింది. ఆమె మొహం చూడలేకపోయాడు.

ఓబులమ్మే అతని భుజం తట్టింది. "భయపడాకు నాయనా. నాకేం తెలీదు. లాగెయ్."

లాగాడు. నెత్తురు గుడ్డతో అదిమిపట్టి, చిన్నపిల్లోడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆమె కంగారుపడింది. తనకు నొప్పే లేదని ఎంత చెప్పినా వినకుండా ఏడుస్తున్నాడని, కాస్త ఊరుకోబెట్టమని తాతతో మొరపెట్టుకుంది.

"ఏడవనీ తల్లీ," అన్నాడు తాత. "ఆ నొప్పి ఎవరో ఒకరు పడాల గదా."