మూడు గూళ్ల బూడిద

కోతలయ్యాక బాతుల మందలు రాలిన గింజలు ఏరుకుంటూ ఊరూరూ తిరుగుతాయి. అలా వెళ్లిన ఓ మంద వెనక, కాలవ పక్కనున్న కళ్లంలో ఒక బాతుపిల్ల మిగిలిపోయింది.

ఆ కళ్లంలో తల్లిలేని పిల్లలకు గూడు చూసి పెట్టే పని మల్లన్న ఎద్దుది. ఓర్పుకు పెట్టింది పేరు. ఆయన పిల్లను చుక్కమ్మ కోడికి అప్పగించాడు. అక్కడో ఆచారం ఉంది: పెంపుడు పిల్ల వీపున తన గూటి బూడిద చల్లాకే తల్లి రెక్క కిందికి రానిస్తుంది. చుక్కమ్మ చల్లింది. ముద్దుగానే పెంచింది.

"కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. నాకు బాతుపిల్లయినా ముద్దే!" అని కళ్లమంతా చెప్పుకుంది.

వాడు ఎదిగాడు. మెడ ఆకుపచ్చగా మెరిసింది. పచ్చమెడ అనే పేరు పడింది. జతలు కట్టే కాలం వచ్చింది. ఆడబాతులు ఎంత వయ్యారంగా ఈదినా పచ్చమెడ తల తిప్పలేదు. పక్క మడుగులోని నల్లముక్కు అనే మగబాతును మాత్రం విడిచి ఉండలేకపోయాడు. చుక్కమ్మ నిలదీసింది. వాడు దాచలేదు.

"జతంటూ కడితే వాడితోనేనమ్మా."

ఆ సాయంత్రమే చుక్కమ్మ ఎద్దు దగ్గరికి వెళ్లింది. "బావగారూ, వీడికి వేరే గూడు చూడండి."

"ఏం తప్పు చేశాడమ్మా?"

"తప్పు చేస్తే రెండు పొడుపులు పొడిచి దారిలో పెట్టుకునేదాన్ని. ఏ తప్పూ చెయ్యలేదు, అదే నా ఏడుపు! నలుగురూ నవ్వుతారు బావగారూ."

ఎద్దు అడిగితే ఈసారి సీమకోడి వెంకాయమ్మ బూడిద చల్లింది. "నలుగురిలో ఆడబాతు పక్కన ఈదు, అంతే చాలు" అంది. వాడికి చేతకాలేదు. తిప్పి పంపేసింది. గిన్నెకోళ్ల ఇంట మూడోసారి బూడిద పడింది. అక్కడ తెల్లారిన దగ్గర్నుంచీ వాడి మీద గుసగుసలే. వాళ్లూ పంపేశారు.

ఎద్దు నెమరేస్తూ బుజ్జగించాడు. "అబ్బీ, అడిగినవాళ్లందరికీ నిజం చెప్పాలా? ఓర్చుకో. నన్ను చూడు, కాడి కింద మెడ ఒరుసుకుపోయినా నోరెత్తను."

"నీ కాడి సాయంత్రానికి దించుతారు మామా. నాది ఎప్పుడు దించుతారు?"

ఎద్దు మళ్లీ నెమరు మొదలుపెట్టాడు.

"పోనీ నీ పాకలో ఉండనా? గడ్డి మూల చాలు."

"పశువుల పాకలో పిట్టను పెంచే ఆనవాయితీ లేదురా. ఇంకో గూడు అడిగి చూస్తాలే."

ఇదంతా కంచె అవతల నక్క వింది. పచ్చమెడ ఒంటరిగా కాలవకేసి నడుస్తుంటే ఎదురొచ్చింది.

"అయ్యో నాయనా, ఎంత బూడిద పూశార్రా నీకు! మా ఇంట బూడిదా లేదు, ఎవరితో ఈదుతావని అడిగేవాళ్లూ లేరు. నీ నేస్తాన్నీ తెచ్చుకో, ఇద్దరికీ చోటుంది."

ఆ మాట వినడానికే వాడు పుట్టినప్పటి నుంచీ కాచుకున్నట్టుంది. "ముందు నేను చూసొస్తాను" అని వెంట వెళ్లాడు.

వాడి కేక విని ఎద్దు పలుపు తెంచుకుని పరుగెత్తాడు. బొరియ ముందు ఈకలు. నక్క మూతి తుడుచుకుంటోంది.

"నా మీద గుడ్లురుముతావేం మల్లన్నా? తరిమింది మీరు. నేను తలుపు తీశాను, అంతే!"

పచ్చమెడ చావలేదు. చీలిన రెక్కతో తప్పించుకుని కాలవలో పడ్డాడు. కేక విని వచ్చిన నల్లముక్కు, వాడు మునిగిపోకుండా పక్కనే ఆనుకుని ఈదుతున్నాడు.

"రా అబ్బీ!" ఎద్దు గట్టు మీంచి గొంతు చించుకున్నాడు. "నా పాకలోనే ఉందువుగాని. ఇద్దరూ రండి. బూడిదా వద్దు, ఏమీ వద్దు!"

"నక్క అబద్ధం చెప్పి రమ్మంది మామా. మీరు నేను నిజం చెప్పానని పొమ్మన్నారు. ఏది ఎక్కువ లోతుగా కరిచిందో నాకే తెలియడం లేదు."

వాడొకసారి మునిగి లేచాడు. వీపు మీది బూడిదంతా నీళ్లలో కలిసిపోయింది. ఇద్దరూ వాలుకు సాగిపోయారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మల్లన్న ఇప్పుడు పాకలో ఓ మూల గడ్డి పరిచి ఉంచుతాడు. ఆకలేసినా దాన్ని ముట్టడు. చుక్కమ్మ పొద్దువాలగానే వచ్చి గుమ్మంలో నిలబడుతుంది.

"వచ్చాడా బావగారూ?"

ఎద్దు తల అడ్డంగా ఊపుతాడు.

నీతి: నిజం చెప్పిన బిడ్డకు మనం మూసిన తలుపే నక్క ఇంటికి దారి చూపిస్తుంది.