గురివి మూల

ఏ రాజు ఏలాడో కూడా జనం మరిచిపోయిన రోజులవి. మరిచిపోతే పోనీ, రాజులకేం కొదవ! గురివి మాత్రం గుర్తుంది.

గురివి నాట్లేసే కూలిమనిషి. కూలోళ్ల పేటలో దీపానికి చుక్క నూనె ఉండేది కాదు. ఆ చీకట్లోనే ఆమె మొగుణ్ణి పాము కరిచింది. ఏ పాము కరిచిందో కనపడలేదు, ఏం మందెయ్యాలో తెలీలేదు. మనిషి పోయాడు. ఆ కడుపుమంట గురివిని నిలవనివ్వలేదు.

నీళ్లు నిలిచిన మడిలో బురద బుడగలు వదలడం ఆమె రోజూ చూసేది. "ఇందులో కంటికానని జీవాలున్నాయి. వరి వేళ్లు పెట్టింది తిని బతుకుతున్నాయి. మనకూ కాస్త ఇవ్వకపోతాయా?" అనుకుంది. ఒక బొగ్గుముక్క వేళ్ల దగ్గర పాతింది. ఇంకోటి నీటిమీద తేల్చింది. రెంటికీ రాగితీగ కట్టి, మధ్యలో గాజుపూస గుచ్చింది. పూస మిణుకుమంది! అలా మడినుంచి తీగలు లాగితే గుడిసెకో పూస వెలిగింది. ఆ ఏడు పేటలో ఒక్క పాముకాటు లేదు.

దొరకి తెలిసింది. చెప్పులేసుకుని గట్టుమీద నిలబడ్డాడు.

"ఈ మడి ఎవరిదే?"

"మీదే దొరా."

"మరి వెలుగెవరిది?"

గంపలతో మట్టి ఎత్తించుకుపోయాడు. మేడలో మట్టి ఎండింది, పూస వెలగలేదు. "తడి ఉండాలి దొరా," అంది గురివి.

రెండోసారి బిందెలతో బురద మోయించాడు. మూడు రోజులు వెలిగి ఆరిపోయింది. "వేరుండాలి దొరా. లేకపోతే వాటికి కూడెవరు పెడతారు?"

మూడోసారి పేట తీగలన్నీ తెంపించి మేడకు కట్టించాడు. మేడ వెలిగింది, పేట చీకటైంది. ఆ వారమే ఒక పసిపిల్ల పాముకాటుకి పోయింది. దొరకి ఆ వెలుగూ చాల్లేదు. "నాగళ్లు దింపి దమ్ము చెయ్యండి. బురద కలియదున్నితే మట్టి ఇంకా వెలుగిస్తుంది," అన్నాడు. వాడి తెలివి తెల్లారినట్టే ఉంది! పొట్టకొచ్చిన పైరులో దమ్మేంటి? కాలికి బురదంటినవాడైతేగా తెలిసేది!

గురివి ఎడ్లకు అడ్డంగా మోకాల్లోతు బురదలో నిలబడింది.

"కదపకూడదురా! తడుండాలి, వేరుండాలి, కదపకుండా ఉండాలి. చెప్పులిప్పి ఒక్కసారి కాలు దించు, నీకే తెలుస్తుంది!"

దొరని పట్టుకుని 'రా' అంది. "తోలండిరా దానిమీద!" అని అరిచాడు దొర. తోలారు. తోలింది మనవాళ్లే, వాళ్ల చేతులు పడిపోను! సిగ్గైనా చెప్పాల్సిందే. గురివి ఆ మడిలోనే పోయింది. మట్టి మూగపోయింది, పైరు పోయింది, మేడ కూడా ఆరిపోయింది.

మర్నాటినుంచి ఒక్క కూలీ మడిలో దిగలేదు. "చెప్పులిప్పి దిగి, ఆమె పడ్డచోట నీ చేత్తో నాటెయ్యి. అప్పుడొస్తాం," అన్నారు ఆడవాళ్లు. దొర మూడేళ్లు బిగుసుకున్నాడు. మూడేళ్లూ భూములు బీడుపడ్డాయి. నాలుగో ఏడు చెప్పులు గట్టుమీద విడిచి, నడుం వంచి నాటేశాడు. ఎవరూ చెయ్యందివ్వలేదు.

ఇప్పటికీ మా వైపు నాట్ల రోజున మడిలో ఒక మూల వదిలేసి బొగ్గుముక్క పాతుతారు. అది గురివి మూల. ఎవడైనా పెద్దమనిషి చెప్పులతో గట్టెక్కి హుకుం జారీ చేస్తే, వంచిన నడుం ఎత్తకుండానే ఆడవాళ్లు అంటారు:

"దిగి చెప్పయ్యా! గురివి వింటోంది."

ఆ దొర పేరంటారా? ఏమో, ఎవరికి గుర్తు!