దూడ నాలుకకు ఇద్దరు దూతలు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త ఈరమ్మ. బర్రె ఈనిన పూట, కొట్టంలో గడ్డి మీద కూచోబెట్టుకుని చెప్పింది. అత్త చేతులు జున్నుపాల వాసన వేసేవి. అలాంటి పూటలు ఇప్పుడెక్కడివి? ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. ఒక్క ముక్క కలపను, ఒక్క ముక్క తీయను.

ఒకప్పుడు తలకూ మెడకూ మధ్య, మెదడుకాడలో ఒక అవ్వ ఉండేది. నాలుకకు, దవడకు, మూతికి తీగలు ఆమె ఇంటినుంచే వెళ్ళేవి. ఆ ఇంట్లో ఇద్దరు దూతలు, బావామరుదులు. మరిది పేరు చురుకు, బావ పేరు నిదానం.

అవ్వకు ఒక కట్టుబాటు ఉండేది. ఒక తీగకు ఒక్క దూతే. అందుకని తీగలన్నీ చురుకుకే ఇచ్చింది. నిదానం ఊరికే అరుగు మీద కూచునేవాడు.

"బావా, నువ్వు చెప్పులు తొడుక్కునేలోపు నేను నాలుక దాకా పోయొస్తా," అని చురుకు ఎగతాళి చేసేవాడు.

"పోయొస్తావులే. అక్కడ కాసేపు నిలబడతావా?" అనేవాడు నిదానం.

ఆ కాలంలో నాలుక రెండుసార్లు కదిలితే అలిసిపోయేది. పెద్ద జీవాలు ఆగి ఆగి తిని ఎలాగో గడుపుకునేవి.

ఒక వానరోజు బర్రెకు దూడ పుట్టింది. పొదుగు అందుకుంది. రెండు గుటకలు తాగి నాలుక వాల్చేసింది.

"ఇంకొంచెం తాగు నాన్నా," అంది బర్రె.

చురుకు పరిగెత్తాడు. నాలుకను తట్టాడు, వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళి తట్టాడు. నాలుక విసుక్కుంది.

"తట్టి పారిపోతావు. నాకు సత్తువ ఇచ్చేవాడేడి?"

దూడ మెడ వాలిపోతోంది. "అవ్వా, నా బిడ్డ చల్లబడిపోతోంది," అని బర్రె ఏడ్చింది.

"నన్నూ పంపు అవ్వా," అన్నాడు నిదానం.

"కుదరదు. ఇది మా అమ్మ పెట్టిన కట్టుబాటు."

అప్పుడు చురుకు తల దించుకున్నాడు. "బావ లేకుండా ఇది నా వల్ల కాదవ్వా. నా తీగలోనే తీసుకుపోతా."

"బరువుకు తీగ తెగితే?"

"దూడే పోయాక తీగతో ఏం పని?"

అవ్వ లేచి తలుపు గడియ తీసింది.

ఇద్దరూ ఒకే తీగలో వెళ్ళారు. చురుకు తట్టాడు. ఆగకుండా తట్టాడు. అప్పుడు నిదానం మెల్లగా దిగి, నాలుక పక్కన కూచుని, వీపు మీద చెయ్యి వేశాడు.

"తొందర లేదు. నేనిక్కడే ఉంటా."

ఇక చురుకు మెల్లగా తట్టినా నాలుక గట్టిగా కదిలింది. దూడ మూతికి నురగ కట్టింది. బర్రె దాని ఒళ్ళు నాకుతూ కదలకుండా నిలబడింది.

అప్పటినుంచే మెదడుకాడ నుంచి వెళ్ళే ఒకే తీగలో ఇద్దరు దూతలూ కలిసి ఉంటున్నారు. ఒక్క పిలుపుకు చురుకు వస్తాడు. విడవకుండా పిలిస్తే నిదానమూ దిగుతాడు. దూడ కడుపు నిండేదాకా తాగగలిగేది అందుకే.

మా తోడల్లుడు పోలయ్య ఈ కథ చెబుతూ నిదానాన్ని మొత్తానికే ఎగరగొట్టేశాడు. అతనికీ నాకూ ఆనాటినుంచి మాటల్లేవు. అతని దగ్గర విన్న పిల్లలంతా చురుకొక్కడే దూడను బతికించాడనుకుంటున్నారు. నాకు రాత అంతంతమాత్రం. బాగా రాయగలవాళ్ళు ఎవరైనా ఆ పిల్లలకు సరిగ్గా రాసి పంపండి, నాలుక పక్కన కూచున్నవాడు ఒకడున్నాడని.