ఇచ్చినవాళ్ల పేరు

మా గురువుగారు యజ్ఞన్న గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. "లయ నిలబడాలంటే ఏం చెయ్యాలండీ?" అని అడిగిన పాపానికి నేను ఒక వేసవంతా ఆయన పెరట్లో తోటకూర మడికి నీళ్లు తోడాను. నూతి గిలక చప్పుడు వింటూ, చేద దింపుతూ, లాగుతూ. లయ సంగతి ఆ తర్వాత ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. కాకినాడ జగన్నాథపురంలో ఆయన అరుగు మీద మృదంగం నేర్చుకున్న వాళ్లందరికీ ఈ వరస తెలుసు. కోదండపాణికీ తెలుసు. అయినా అడిగాడు. అడక్కుండా ఉండలేని అవస్థలో ఉన్నాడు పాపం.

పాణి ఎరువుల కొట్లో గుమాస్తా. వాడి జాగ్రత్త ఎలాంటిదంటే, ఎవరింటికైనా వెళ్తే ఒక చెప్పు గుమ్మానికి ఇటు, రెండోది అటు విడుస్తాడు, జత ఎవరూ తొడుక్కుపోకుండా. అలాంటివాడికి దేవుడు ఏసుబాబుని ఇచ్చాడు, ఒకే వాటాలో ఉండడానికి. ఏసుబాబు బంగారంలాంటి మనిషి, కానీ వాడి చేతిలో ఏదీ నిలవదు. ఫోటో స్టూడియోలో హాయిగా పనిచేసుకుంటున్నవాడు, పుట్టగొడుగులు పెంచి ధనవంతుణ్ణవుతానని ఫైనాన్సు వాళ్ల దగ్గర అప్పు తెచ్చాడు. ఊరి చివర రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని గడ్డి సంచులు వేలాడదీశాడు. ఆ ఎండకి రేకుల కింద పుట్టగొడుగులు మొలుస్తాయా, ఉడుకుతాయా? అన్నీ కుళ్లి కంపు కొట్టాయి. అప్పు ఒక్కటే ఏపుగా పెరిగింది.

ఇక ఫైనాన్సు మనుషులు రావడం మొదలుపెట్టారు. ముందర మర్యాదగానే వచ్చారు. తర్వాత చెప్పులతోనే లోపలికి వచ్చారు. గది మధ్యలో నిలబడి ఈ ఫ్యాను ఎవరిది, ఈ మిక్సీ ఎవరిది అని వేలు పెట్టి చూపించడం నేర్చారు. ఒకడు మూలనున్న పాణి మృదంగం మీద చెయ్యేసి, "ఈ డోలు ఎవరిదిరా?" అన్నాడట. డోలు అన్నందుకు ఏడవాలో, చెయ్యేసినందుకు ఏడవాలో పాణికి తెలియలేదు.

ఆ రోజు నుంచి వాడికి మతి స్థిమితం పోయింది. కుక్కరుని గొలుసుతో కిటికీ ఊచకి కట్టేశాడు. కందిపప్పు డబ్బాకి తాళం వేశాడు. ఏసుబాబు పప్పు వండాలంటే వీణ్ణి కొట్టు నుంచి పిలిపించాలన్నమాట! చివరికి భానుగుడి వైపు ఒంటరిగా ఉండడానికి ఇంకో గది చూసుకున్నాడు. ఇంటి యజమానురాలు ముందే చెప్పేసింది, పాణి ఖాళీ చేసిన రోజునే ఏసుబాబూ ఖాళీ చెయ్యాలని. అప్పులవాణ్ణి నమ్మి ఒక్కణ్ణే ఉంచుకోవడం ఆవిడ వల్ల కాదట. పాణి వెళ్తే ఏసుబాబు వీధిలో ఉంటాడు, ఉంటే మృదంగం వీధిలో ఉంటుందేమోనని భయం. ఎటూ తేల్చుకోలేక అరుగెక్కాడు.

గురువుగారు అప్పుడు మృదంగం ఎడమ మూతకి తడి రవ్వ అద్దుతున్నారు. నేను పక్కనే ఉన్నాను.

"గురువుగారూ, అప్పులవాడితో ఒకే కప్పు కింద ఉన్నప్పుడు మన వస్తువులు మనం ఎలా కాపాడుకోవాలండీ?"

"అప్పు కాగితం మీద నువ్వు హామీ సంతకం పెట్టావా?" అన్నారాయన, తలెత్తకుండానే.

"అయ్యో, లేదండీ!"

"అయితే నీ గరిటె మీద కూడా వాళ్లకి హక్కు లేదు. ముట్టుకుంటే పోలీసుల దగ్గరికి పోతానని చెప్పు."

నాకు ఆశ్చర్యం వేసింది. జన్మలో మొదటిసారి ఈయన సూటిగా జవాబు చెప్పారు కదా అనుకున్నాను. పాణి అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"చెబుతానండీ. కానీ ఏది నాదో, ఏది వాడిదో తేలాలి కదండీ?"

గురువుగారి చెయ్యి ఆగింది. "అవును సుమీ, అది తేలాలి" అన్నారు. "ఆదివారం పొద్దున్న నీ సామానంతా ఇక్కడికి పట్రా. మస్తాన్‌వలిని రమ్మంటాను. పేర్లు కొట్టిద్దాం."

మస్తాన్‌వలి స్టీలు సామాన్ల కొట్టు ముందు కూర్చుని, చిన్న ఉలీ సుత్తీ పెట్టుకుని గిన్నెల మీద పేర్లు కొట్టే మనిషి. పాణి మొహం వెలిగిపోయింది. ఇంత సులువైన ఉపాయం తనకెందుకు తట్టలేదా అని నొచ్చుకున్నాడు కూడా.

ఆదివారం ఏసుబాబు చర్చికి వెళ్లే వేళ చూసి, పాణి సామానంతా ట్రాలీ ఆటోకి ఎక్కించుకుని వచ్చేశాడు. ఇక్కడ పేర్లు పడగానే అటునుంచటే భానుగుడి గదికి పోవడమని వాడి ఆలోచన. ఏసుబాబుకి చెప్పావా అని అడిగాను. "చర్చికి వెళ్తున్నవాడికి ఏం చెబుతాం అన్నా?" అని చూపు తప్పించాడు. నాకు ఒళ్లు మండింది గానీ, గురువుగారి ముందు నోరెత్తలేదు.

అరుగంతా గిన్నెలూ పళ్లాలూ పరిచారు. మస్తాన్‌వలి కుక్కరు ఒళ్లో పెట్టుకుని, "కోదండపాణి అనేగా బాబూ?" అని ఉత్సాహంగా ఉలి తీశాడు. అక్షరానికింత అని పుచ్చుకుంటాడు మరి, పెద్ద పేరంటే వాడికి పండగే.

"ఆగు సాయిబూ," అన్నారు గురువుగారు. "మన ఇళ్లలో ఎలా కొట్టిస్తాం? కొనుక్కున్నదాని మీద సొంతపేరు. ఒకరిచ్చినదాని మీద ఇచ్చినవాళ్ల పేరు. వస్తువు పుచ్చుకున్నవాళ్లదే, పేరు మాత్రం ఇచ్చినవాళ్లది. అంతేనా? పాణీ, ఆ కుక్కరు ఎవరు కొన్నారు?"

పాణి కొంచెం తడబడ్డాడు. "ఏసుబాబేనండీ. నాకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు. పథ్యం మెత్తగా ఉడకాలని..."

"కొని వాడే ఉంచుకున్నాడా, నీకిచ్చాడా?"

"నాకేనన్నాడండీ."

"అయితే నీదే, దిగులుపడకు. సాయిబూ, ఏసుబాబు అని కొట్టు."

టిక్కు టిక్కుమని ఉలి మొదలైంది. తర్వాత పళ్లాలు. అవి క్రిస్మస్‌కి తాళ్లరేవులో వాళ్లింటికి వెళ్లినప్పుడు ఏసుబాబు వాళ్లమ్మ మరియమ్మ గారు పెట్టినవట. ఆవిడ పేరు పడింది. బియ్యం డ్రమ్ము పాణి వాళ్ల అమ్మగారిది. ఆవిడ పేరు పడింది. మూకుడు, ఇస్త్రీపెట్టె, పెద్ద గిన్నె వాడి సొంతం. వాటి మీద కోదండపాణి అని నిండుగా పడింది, గురువుగారు ఒక్క అక్షరం తగ్గనివ్వలేదు. క్యారేజీ దగ్గరికొచ్చేసరికి వాడు ఆగిపోయాడు. మొదటి కచేరీకి వెళ్లేటప్పుడు దార్లో ఏమీ తినవని ఏసుబాబు కొనిచ్చాడని నేలచూపులు చూస్తూ గొణిగాడు.

ఒక్కసారిగా కోపం తెచ్చుకున్నాడు. "ఇచ్చాడు నిజమేనండీ! నేను కాదన్నానా? కానీ ఇప్పుడు వాడు చేసిందేమిటి? ఒక మాట అడక్కుండా అప్పు చేశాడు, ఊళ్లో ఉన్న రౌడీలందరికీ నా ఇంటి దారి చూపించాడు. ఆ మృదంగం మా నాన్న పోయేముందు కొనిచ్చింది. అది పోతే నేనేమైపోవాలండీ?"

వాడి కళ్లలో నీళ్లు చూస్తే నాకే జాలేసింది. వాడన్నదాంట్లో తప్పేముంది? గురువుగారు కూడా తప్పనలేదు. క్యారేజీ తీసి మస్తాన్‌వలి ఒళ్లో పెట్టారు, అంతే.

అప్పుడే వీధి మలుపులో ఏసుబాబు కనిపించాడు. చర్చి తెల్లచొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. సైకిలు తొక్కడం లేదు, నడిపించుకొస్తున్నాడు. తొక్కడానికి వీల్లేదు, వెనకాల అడ్డంగా సీలింగు ఫ్యాను కట్టి ఉంది. రెక్కలు రెండు వైపులా చాచుకుని వీధంతా ఆక్రమించాయి. హ్యాండిలుకి తువ్వాల్లో చుట్టిన ఆవకాయ జాడీ వేలాడుతోంది.

పాణి బిక్కచచ్చిపోయాడు. తిడతాడనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. తిట్టాలి కూడా!

"ఓరి నీ దుంపతెగ, ఫ్యాను వదిలేసి వచ్చేశావేంట్రా!" అన్నాడు ఏసుబాబు ఆయాసపడుతూ. "రేపు వాళ్లొస్తే ముందు దాని మీదే కన్ను. స్టూలు కూడా తెచ్చేశావు కదా, పక్కింట్లో అడిగి ఎక్కి విప్పాను. నువ్విక్కడికొచ్చావని వాళ్లే చెప్పారు. ఇదిగో, మీ అమ్మ పంపిన ఆవకాయ. గట్టు మీదే మర్చిపోయావు."

పాణి తల దించుకుని అరుగు మీది పళ్లాలు సర్దసాగాడు.

"గది ఖాళీగా చూసి ఒక్క క్షణం గుండె జారింది, నిజం చెప్పొద్దూ? తర్వాత అనిపించింది, మంచిపనే చేశాడని. నా మూలాన నీ మృదంగం మీద వాళ్ల చెయ్యి పడ్డ రోజు నుంచి నాకు ముద్ద దిగడం లేదురా. నువ్వు వెళ్లిపోరా అని నేనే చెబుదామనుకున్నాను. చెప్పాలంటే నోరు రాలేదు."

అని జాడీ అరుగు మీద పెట్టబోతూ కుక్కరు చూశాడు. చేతిలోకి తీసుకుని, అక్షరాల మీద బొటనవేలు పెట్టి తడిమాడు. ఏసుబాబు. పక్కనే క్యారేజీ మీద ఇంకా సగమే పడ్డ తన పేరు. వాడు మురిసిపోతాడేమోనని నేను చూస్తున్నాను. వాడి మొహం పాలిపోయింది.

"ఇదేం పనిరా తెలివితక్కువ వెధవా! నా పేరు కనబడితే నాదే అనుకుని పట్టుకుపోతారు కదా! సాయిబు గారూ, చెరిపెయ్యండి, చెరిపెయ్యండి."

"కొట్టిన పేరు ఎలా పోతుంది బాబూ?" అన్నాడు మస్తాన్‌వలి.

ఏసుబాబు వినలేదు. నూతి దగ్గర అంట్లు తోమేచోటికి పరుగెత్తి, ఇటుక పొడీ కొబ్బరిపీచూ తెచ్చుకుని, తెల్లచొక్కాతోనే మట్టిలో చతికిలబడ్డాడు. కుక్కరు మోకాళ్ల మధ్య పెట్టుకుని, పళ్లు బిగించి తన పేరు తనే తోముకోవడం మొదలుపెట్టాడు. పేరు చెరగలేదు సరిగదా, తోమినకొద్దీ తళతళలాడింది. వాడు ఇంకా గట్టిగా తోమాడు. అంత అమాయకుణ్ణి నేను ఎక్కడా చూడలేదు. నవ్వబోయి మానుకున్నాను.

పాణి లేచి వెళ్లి వాడి చేతిలోంచి పీచు లాక్కున్నాడు.

"చెరపకు. ఉండనీ," అన్నాడు. గిరుక్కున తిరిగి, ఎవరో తరుముతున్నట్టు గిన్నెలన్నీ ఆటోకి ఎక్కించడం మొదలుపెట్టాడు.

మృదంగాన్ని దుప్పట్లో చుట్టి మధ్యలో పెట్టాడు. దాని చుట్టూ పళ్లాలు, పైన ఫ్యాను. తాళ్లు వేసి బిగించాడు. ఆటో అబ్బాయి, "భానుగుడికేనా అండీ?" అని అడిగాడు.

"కాదు. పాత వాటాకే," అన్నాడు పాణి ముడి మీంచి తలెత్తకుండా.

ఆ మాటకి ఏసుబాబు గతుక్కుమన్నాడు. "వద్దురా పాణీ. సామానుతో నువ్వుండు, నేను తాళ్లరేవు పోతాను. నేను లేకపోతే వాళ్లు నీ జోలికి రారు. ఇంటావిడకి నేను చెబుతాలే." పాణి విన్నాడో లేదో తెలియదు. ముడులన్నీ మళ్లీ లాగి చూస్తున్నాడు, ఒక చెంబు కదులుతోందని దానికింద గుడ్డ కుక్కుతున్నాడు. ఏసుబాబు చొక్కాకి అంటిన ఇటుక పొడి దులుపుకుని, గురువుగారికి దణ్ణం పెట్టి, సైకిలు రెండో వైపుకి తిప్పుకున్నాడు.

పాణి ఆటో చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఎప్పటి అలవాటు చొప్పున గురువుగారి ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"అన్నీ గట్టిగా కట్టానండీ. ఇంకేమైనా జాగ్రత్త చెబుతారా?"

గురువుగారు వాడి భుజం మీదుగా వీధిలోకి చూశారు. ఖాళీ సైకిలుతో ఏసుబాబు మెల్లగా మలుపు దాకా పోయాడు.

"సామానంతా ఎక్కిందిగానీ నాయనా," అన్నారు, "పోతే మళ్లీ దొరకనిది ఎక్కిందో లేదో చూసుకుని కదులు."