విరిగిన ఇరుసు

ఏడాదిలోపు ఇరుసు విరిగితే కొత్తది వేసిస్తామన్న మాట నమ్మి, ఓబులేసు రాజుగారి కార్ఖానాలో ఎడ్లబండి కొన్నాడు. పంట చేతికి రాకముందే ఇరుసు విరిగింది. ఆ ముక్కల్ని భుజాన మోసుకుని ఎన్నిసార్లు వెళ్ళినా, కార్ఖానాకూ రాజబాటలకూ అధికారైన శరభయ్య ఏదో వంక చెప్పి పంపేసేవాడు. బండి కదలక ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమైంది.

చివరికి శరభయ్య, "మా ఇరుసు గట్టిదేరా! నువ్వు తోలిన రాజబాటే గతుకులమయం. దానికి మా పూచీ లేదు, పో!" అన్నాడు.

ఓబులేసు ఉసూరుమంటూ గడపమీద కూలబడ్డాడు.

"ఆ బాట వేయించిందీ తమరే కదా దొరా! చెడ్డది బాటో, ఇరుసో తమరే తేల్చండి. రాజుగారికి ఆ మాటే విన్నవించుకుంటాను."

శరభయ్య వెంటనే వడ్రంగిని కేకేశాడు. కొత్త ఇరుసు తయారయ్యేదాకా ఓబులేసు ఆ గడపమీదే ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు.