పటంలో లేని పైడమ్మ

అనగనగనగా, మీ తాతకి తాత కూడా పుట్టకముందు, కొండల దిగువన ఒక రాజ్యం. ఆ రాజ్యంలో భూములు కొలిచేవాడొకడు, పేరు పోలినాయుడు. ఇనుప గొలుసు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడు. పొలం కొలవాలన్నా అతనే, బాట వెయ్యాలన్నా అతనే, గట్టు తగువొచ్చినా అతనే. కొలిచిందంతా గుడ్డ మీద పటం గీసి రాజుగారికిచ్చేవాడు. ఒరే సింహాద్రీ, కాళ్ళు ముడుచుకో, చెల్లికి తగులుతున్నాయి.

రాజుగారు అతనికొక కట్టడి పెట్టారు. ఏ ఊరికి కొలతకెళ్తే ఆ ఊళ్ళో ఎవరింటా మెతుకు ముట్టకూడదు, మంచినీళ్ళు తాగకూడదు, అరుగు మీద కూర్చోకూడదు. ఎందుకంటారా? ఒకళ్ళ అన్నం తింటే గట్టు వాళ్ళకేసి జానెడు జరుపుతాడేమోనని. మంచి కట్టడే. కానీ పాపం, ముప్పై ఏళ్ళు! ఊళ్ళో పెళ్ళి జరుగుతుంటే ఊరవతల కూర్చుని మూట విప్పుకుని అటుకులు తినేవాడు. తిరగమోత వాసనొస్తే మొహం అటు తిప్పుకునేవాడు. నెలల తరబడి ఇల్లు చేరని మనిషికి పిల్లనెవరిస్తారు? పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు.

గొలుసు రెండో కొస పట్టుకోడానికి దాలయ్య అని ఒకడుండేవాడు. మాటా మంచీ అతనితోనే. అతనికి చూపు మందగించి కూతురింటికెళ్ళిపోయాడు. ఇక పోలినాయుడొక్కడే. మేకు కొట్టి, కొస తగిలించి, గొలుసు లాగి, లెక్క చూసి, వెనక్కొచ్చి, మేకు పీకి, ముందుకెళ్ళి, మళ్ళీ మేకు కొట్టి, కొస తగిలించి, గొలుసు లాగి... రోజంతా ఇదే. సాయంత్రానికి తన గొంతు ఎలా ఉంటుందో తనే మర్చిపోయేవాడు. ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

ఒకనాడు రాజుగారు పిలిపించి, కొండకింద కొత్త పట్నం కట్టిస్తాం, రాజబాట వేయిస్తాం, ఆ దారిలో జీలుగుమెట్ట పాత పటంలో బీడని ఉంది, ఎవరూ లేరని ఉంది, వెళ్ళి కొలతలు సరిచూసి రమ్మన్నారు.

సరేనని బయల్దేరాడు, మోకాలి లోతు నీళ్ళలో గెడ్డ దాటాడు, ముళ్ళకంప తోసుకుంటూ మెట్టెక్కాడు. ఎక్కి చూస్తే ఏముంది? పొగ! పొగ కింద పాక, పాక పక్కన చిన్న చోడిచేను, అదేనర్రా రాగిచేను. గుమ్మంలో అరవయ్యేళ్ళ మనిషి కూర్చుని చేటతో చోళ్ళు చెరుగుతోంది.

"ఎప్పట్నుంచి ఉంటున్నావమ్మా ఇక్కడ?" అన్నాడు.

"కాపురానికొచ్చినప్పట్నుంచీ బాబూ, నలభై ఏళ్ళు. నా పేరు పైడమ్మ. మా ఆయన పోయి పద్దెనిమిదేళ్ళు. అప్పట్నుంచీ ఒక్కదాన్నే."

పోలినాయుడు భుజాన ఉన్న గొలుసు కింద పెట్టేశాడు. ఎందుకంటే ఆ పాత పటం పదిహేనేళ్ళ నాటిది. గీసింది తనే. ఆవేళ పొద్దుగూకుతోంది, ఒళ్ళు నొప్పులు, ఎదురుగా ముళ్ళు. గెడ్డ ఇవతలే నించుని, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, ఎవరూ లేరని రాసేశాడు.

ఆవిడేమో చెప్పుకుంటూ పోతోంది. కరువులో రాజుగారు గింజలు పంచుతున్నారని వెళ్తే, జీలుగుమెట్ట మీద మనుషులే లేరు పొమ్మన్నారట. జ్వరమొచ్చి పడుంటే, వైద్యుణ్ణి పంపమని గొర్రెలవాడితో కబురెడితే, ఎవరూ లేని మెట్ట మీదికి ఎవరికోసం రావాలన్నారట.

"పోనుపోనూ నాకే అనుమానమొచ్చింది బాబూ, ఉన్నానా లేనా అని. కోడితో గట్టిగా మాట్లాడి చూసుకునేదాన్ని" అని నవ్వింది. అతను నవ్వలేకపోయాడు.

మధ్యాహ్నమైంది. అంబలి ముంతా ఉల్లిపాయా తెచ్చి ముందు పెట్టింది. అతను కట్టడి సంగతి చెప్పి చేతులు జోడించాడు.

"ఎవరింటా తినకూడదు, అంతేనా? నా ఇల్లు పటంలోనే లేదు కదా. లేని ఇంట్లో తింటే ఎవరింట తిన్నట్టు?"

చూశారా తెలివి! పోలినాయుడు ముంత అందుకున్నాడు. ముప్పై ఏళ్ళ తరవాత మరొకరు పెట్టింది గొంతు దిగుతుంటే కళ్ళు నిండిపోయాయి. "ఉల్లిపాయ ఘాటు" అన్నాడు. అప్పటికింకా ఉల్లిపాయ కొరకనే లేదు!

ఇక దాచలేకపోయాడు. "ఎవరూ లేరని రాసింది నేనేనమ్మా" అన్నాడు.

పైడమ్మ చేట అందుకుని మిగిలిన చోళ్ళు చెరిగింది. తరవాత చేట పక్కన పెట్టి లేచింది. "అయితే ఇప్పుడు సరిగా కొలువు. ఆ కొస ఇటివ్వు" అంది.

ఆవిడ అటు, అతను ఇటు. మేకు కొట్టే పని లేదు, వెనక్కొచ్చే పని లేదు. "చాలా?" అంటే "ఇంకొంచెం" అని, "ఇప్పుడో?" అంటే "చాలు" అని. పాక గీశాడు, చేను గీశాడు, నుయ్యి గీశాడు, వాళ్ళాయన్ని పూడ్చినచోట పెట్టిన రాయి గీశాడు.

ఆ పటం పట్టుకుని కొలువుకెళ్ళాడు. చూస్తే రాజబాట సరిగ్గా ఆ పాక మీంచే పోతోంది. మంత్రిగారు, ఒక్క పాకే కదా, పీకేస్తే పాత పటమే సరిపోతుందన్నారు.

"ముందు ఎవరూ లేరని రాసిందెవరు?" అన్నారు రాజుగారు.

"నేనే దొరా. వెళ్ళి చూడకుండా రాశాను. మొన్న ఆవిడ పెట్టిన అంబలి కూడా తాగాను."

కొలువంతా గుసగుసలు. అంబలి తాగినవాడి కొలత నమ్మేదెలా? రాజుగారు వేరే ఇద్దర్ని పంపించి మళ్ళీ కొలిపించారు. బెత్తెడు తేడా రాలేదు. అప్పుడు రాజబాటని గెడ్డ పక్కకి జరిపించారు. చేను పైడమ్మ పేర రాసిచ్చారు, ఇన్నేళ్ళూ అందని గింజలు బళ్ళకెత్తించి పంపారు. పోలినాయుడితో మాత్రం, "నిజం చెప్పావు, శిక్ష వెయ్యను. గొలుసు ఇక్కడ పెట్టి వెళ్ళు" అన్నారు.

పెట్టేశాడు. కోట బయటికొచ్చాడు. రాజ్యంలో అన్ని ఊళ్ళ దారులూ తెలుసు, తనకోసం తలుపు తీసిపెట్టిన ఇల్లు ఒక్కటీ తెలీదు. మూడు రోజులు నడిచాడు. నడిచి నడిచి గెడ్డ దాటాడు, మెట్టెక్కాడు.

"ఎవరది?" అంది పైడమ్మ లోపల్నుంచి.

ఏమని చెప్పాలి? కొలతలవాణ్ణి అందామంటే గొలుసు లేదు. "నేనేనమ్మా" అన్నాడు మెల్లిగా.

"నువ్వా తమ్ముడూ? కాళ్ళు కడుక్కురా, అన్నం చల్లారిపోతోంది."

నూతి దగ్గర అతను చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాడట.

ఆ అక్కాతమ్ముడూ చోళ్ళు పండించుకుంటూ, దారేపోయేవాళ్ళని పిలిచి అంబలి పోస్తూ చల్లగా ఉన్నారు. అందుకే, దూరం నుంచి చూసి అక్కడెవరూ లేరనెయ్యకండర్రా. నాలుగడుగులేసి, పిలిచి చూడాలి.

కథేమో కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరదాం.