సిమెంటు రంగు వేసిన బల్ల

వరాలు పెదవి దాటనివ్వని మాట ఒకటుంది. కొత్త వైద్యశాల ముందు ఊరంతా మెచ్చుకునే వాలుదారి సిమెంటుది కాదు, చెక్కది. దానికి సిమెంటు రంగు వేసింది తనే.

అనగనగా అంటే మరీ వెనక్కి పోనక్కర్లేదు. సింహాసనం మీద రాజూ ఉన్నాడు, ప్రజల చేతుల్లో ఫోన్లూ ఉన్నాయి, అలాంటి కాలం. ఆ రాజు ఒక శాసనం చేశాడు.

"పదిమంది వచ్చిపోయే ప్రతి కట్టడానికీ మెట్ల పక్కన వాలుదారి ఉండాలి. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు. కాళ్లు లేనివాడు కూడా తలెత్తుకుని లోపలికి పోవాలి."

శాసనం మంచిదే. కట్టేవాడు కూర్మయ్య.

"మూడడుగుల అరుగుకి ముప్పయ్యారడుగుల వాలా? ఆ జాగాలో మూడు కొట్లు లేస్తాయి," అన్నాడు కూర్మయ్య. పదడుగుల బల్ల ఒకటి చేయించి, రంగులు కలపడం తనంతట తానే నేర్చుకున్న వరాలును పిలిచాడు. "ముట్టుకుంటే తప్ప తెలియకూడదమ్మా," అన్నాడు.

వరాలు తన పనితనానికి తనే మురిసిపోయింది. సిమెంటు మీద వచ్చే సన్నని నెర్రెలు కూడా గీసింది.

అప్పట్నుంచీ అదే ఆనవాయితీ. తనిఖీ రోజు పొద్దున్నే బల్ల బండెక్కి వస్తుంది. తనిఖీదారు ఫొటో తీసుకుంటాడు. సాయంత్రానికి బల్ల వెళ్లిపోతుంది. తనిఖీదారు ఏనాడూ దానిమీద కాలు పెట్టలేదు. "చూసి రమ్మన్నారు గాని ఎక్కి రమ్మన్లేదు కదా," అనేవాడు.

మొదట అంగడి కట్టారు. చేతుల మీద పాకుతూ వచ్చే గాజుల గవరయ్య మెట్ల కిందే ఎండలో కూర్చుండిపోయాడు.

"కిందే బాగుందిరా నీకు, గాలి వస్తది," అన్నారు పైన కొట్లవాళ్లు.

"గాలి మీరుంచుకోండి. ఆ నీడ నాకియ్యండి," అన్నాడు గవరయ్య.

తర్వాత బడి కట్టారు. నడవలేని కూతుర్ని వీపున మోసుకుని ఒక తండ్రి రోజూ మెట్లెక్కేవాడు. ఒక వానరోజు జారి పడ్డాడు. ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు.

"నేను రంగే కదా వేశాను," అనుకుంది వరాలు, రెండుసార్లూ.

మూడోది వైద్యశాల. రేపు రాజుగారే వచ్చి తెరుస్తారు గనక బల్లను అక్కడే ఉంచేశారు. మొదటి రోగిగా లోపలికి పోవడానికి, మూడుచక్రాల ఇనుప బండిలో తిరిగే పైడమ్మను ఎంచారు. తల్లి లేని వరాలును పెంచిన పెద్దమ్మ ఆవిడే.

వరాలు కూర్మయ్య దగ్గరికి పరిగెత్తింది. "బాబూ, ఆ బల్ల కింద ఆనిక లేదు. ఇనుప బండికి విరిగిపోతది."

"రాజుగారు వెళ్లేదాకా ఆగితే చాలు," అన్నాడు కూర్మయ్య.

తనిఖీదారు దగ్గరికి పోయింది. "నా ఫొటోలో గట్టిగానే ఉందమ్మా," అన్నాడాయన.

కోట గుమ్మం దగ్గర గుమాస్తాకు చెప్పింది. "రంగు వేసిందెవరు? ముందు ఆ పేరు చెప్పు," అని కలం తీశాడు. వరాలు వెనక్కి వచ్చేసింది.

వైద్యశాల మెట్టు మీద కూలబడి, గోటితో అంచు గీకింది. ఇసుక రాలింది. కొత్త మెట్టే. గోడ గీకినా అంతే. ఈ రాజ్యంలో ఎన్ని గోడలని గీకుతుంది? రేపు పెద్దమ్మ పడినా బల్లకు మళ్లీ రంగు వేసి, నాలుగో కట్టడానికి బండెక్కిస్తారు. అది ఆపడం తన వల్ల కాదు.

పొద్దున పెద్దమ్మ అన్న మాట చెవిలోనే ఉంది. "ఇన్నాళ్లకి ఎవరూ ఎత్తుకోకుండా లోపలికి పోతానే. నేతచీర తీసి పెట్టుకున్నాను."

చెబితే ఆ సంబరం చచ్చిపోతుంది. పెంచిన చెయ్యి మళ్లీ తన తల నిమరదేమో. నిమరకపోయినా, ఆ చెయ్యి విరగకుండా ఉంటుంది.

వరాలు ఫోను తీసింది. పెద్దమ్మకు చేసి, రంగు సంగతితోనే మొదలుపెట్టాలని నిశ్చయించుకుంది.

దారి లేదని తెలిసినవాడు గుమ్మం ముందు ఆగుతాడు, ఉందని నమ్మినవాడు నడుమ కూలిపోతాడు. ఆ పాపంలో కట్టినవాడితోపాటు కప్పిపుచ్చినవాడికీ పాలుంది.